పద్దులో చేరని ప్రాణి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో, ఛాయాచిత్ర ప్రదర్శనమును ప్రారంభించుచు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పండితులు మాటలాడవలసిన వేదిక యిది. నేను పండితుడను కాను. మా తండ్రిగారు ఈ ఊరి పట్వారీలలో చివరివారు. 1984లో ఆ యుద్యోగములు రద్దయిన పిమ్మట మా యింట మిగిలినవి రెండే: పాత దస్తరపు మూటలు, చెదలు తినగా మిగిలిన భారతము. దస్తరము నాకు లెక్క నేర్పినది. భారతము చదువు నేర్పినది. నేడు సహకార సంఘములో లెక్కలు వ్రాయుచున్నను ఊరివారు నన్ను పట్వారి యనియే పిలుతురు. కావున నా ప్రసంగములో కవిత్వము తక్కువగను, జమాఖర్చు ఎక్కువగను ఉండును. మన్నింప వేడుచున్నాను.

మీరు లోనికి వచ్చునప్పుడు ద్వారమున కిరుప్రక్కల గోడలపై తగిలించిన చిత్రములను చూచియుందురు. పసుపు కల్లములో కొమ్ముల కుప్ప ప్రక్కన పండుకొన్న ఎఱ్ఱకుక్క, బడిగంటకు చెవి రిక్కించిన తెల్లకుక్క, మాంసపు కొట్టు బల్లక్రింద కాచుకొన్న ముసలికుక్క, లింబాద్రి గుట్ట జాతరకు పోవు జనము వెంట నడచుచున్న కుంటికుక్క. అన్నియు కుక్కలే. "రజతోత్సవము పుస్తకములకా, కుక్కలకా?" అని ఒక పెద్దమనిషి నన్ను వాకిటనే నిలదీసిరి. వారికి చెప్పవలసిన సమాధానమే ఈ ప్రసంగము.

ఈ చిత్రములు తీసినవారు తమ పేరు వేదికపై చెప్పరాదని నాచే మాట తీసికొనిరి. మన ఊరి తపాలా అన్న యనిన చాలును, మీకందరకు తెలియును. నలువది యేండ్లు సైకిలుపై ఉత్తరములు, మనియార్డర్లు పంచి, అరువదియైదవ యేట విరమించిరి. తపాలావానికిని కుక్కకును గల వైరము లోకమెఱిగినదే. ఆయన పిక్కపై నేటికిని రెండు పంటిగాట్లు కలవు. అట్టి మనిషి కుక్కల చిత్రకారుడగుట దైవవిలాసము.

జరిగినది ఇది. ఆయన కుమారుడు దుబాయిలో పనిచేయుచున్నాడు. తండ్రి విరమించిన యేడు సెలవునకు వచ్చి ఒక కెమెరా ఇచ్చి, పిల్లల బొమ్మలు తీయుమని చెప్పి, మరల పోయెను. కొంతకాలమునకు కోడలును పిల్లలును అచ్చటికే పోయిరి. కెమెరా మిగిలినది. ఎవరిని తీయవలెను? ఉత్తరముల సంచి లేదు గాని తోవ మాత్రము కాలికి అలవాటై యున్నది. తెల్లవారుజామున లేచి అదే తోవన నడచెడివారు. ఆ వేళకు ఊరిలో మేలుకొని యుండునవి కుక్కలు. ఒకనాడు నేను ఆయనను పట్టుకొని అడిగితిని:

"అన్నా, ఊర్లె మనుషులే దొరకలేదా? ఈ కుక్కల ఫొటోలు తీసుడేంది?"

ఆయన నవ్వి, "మనుషులైతే పౌడరు రాసుకొని వస్తరు పట్వారీ. కుక్క ఉన్నదున్నట్టు నిలబడ్తది" అనిరి.

నాటినుండి దినమున కొక చిత్రము. వాన వచ్చినను, జ్వరము వచ్చినను మానలేదు. ప్రతి చిత్రము క్రిందను తేది, వాడ, కుక్క గుర్తు వ్రాయుదురు. కవరుపై ముద్ర వేసిన చేయి గదా! తేది లేని కాగితము ఆయన దృష్టిలో కాగితమే కాదు.

మొదటి యేడు తీసిన చిత్రములు బాగుగ రాలేదని ఆయనే ఒప్పుకొందురు. నల్లకుక్క బూడిదకుక్కగ వచ్చెడిది. తెల్లకుక్క మాసిన గుడ్డవలె వచ్చెడిది. దానికి కారణము నాకు తరువాత తెలియజెప్పిరి. కెమెరాలో వెలుతురును కొలుచు సాధనము లోకమంతయు నడితరపు బూడిదరంగుగ నుండునని తలచునట. నల్లనిదానిని చూచి వెలుతురు చాలలేదనుకొని ఎక్కువ చేయును. తెల్లనిదానిని చూచి వెలుతురు మించినదనుకొని తగ్గించును. కావున చిత్రకారుడు నల్లదానికి వెలుతురు తగ్గింపవలెను, తెల్లదానికి పెంచవలెను. వినుటకు తలక్రిందులుగ నున్నను లెక్క సరియైనదే.

పసుపు అమ్ముడుపోయిన పిమ్మట ఆయన ఇంటివెనుక కొట్టు ఖాళీగ నుండును. దాని తలుపు ఉత్తరపు దిక్కున నున్నది. ఆ కొట్టునే స్టూడియో చేసికొనిరి. ఉత్తరపు ద్వారమున ఎండ నేరుగ పడదు. ఆకాశపు వెలుతురు మాత్రము నిలకడగ, మెత్తగ వచ్చును. ద్వారమునకు పలుచని తెల్లపంచె కట్టిరి. వెనుక గోడకు మన నల్లగొంగడి వ్రేలాడదీసిరి. నల్లకుక్క వచ్చిననాడు గొంగడి తీసి, పాత గోనెపట్ట కట్టుదురు. వెలుతురు రాని ప్రక్క తెల్ల అట్ట నిలిపినచో నీడ కొంత విరిగి, కుక్క మొగములో ఆ ప్రక్క గూడ కనబడును. వెలుతురు ప్రక్కనుండి వచ్చిననే వెండ్రుక వెండ్రుకగ కనబడును. ఎదుటనుండి వచ్చినచో కుక్క గోడకంటించిన బొమ్మ యగును.

వర్షకాలపు మబ్బుదినములకు ఒక విద్యుద్దీపము కొనిరి. దానినిగూర్చి చెప్పిన లెక్క నాకు మిక్కిలి నచ్చినది. చిన్న దీపమును రెండింతల దూరము జరిపినచో వెలుతురు సగము కాదు, నాలుగవ వంతగును. మూడింతలు జరిపినచో తొమ్మిదవ వంతే మిగులును. ఇక మెరుపుదీపము ఆయన వాడరు. కుక్కకంటి వెనుక అద్దమువంటి పొర యొకటి కలదు. రాత్రి బండ్ల దీపములలో కుక్కకండ్లు ఆకుపచ్చగ మెరయుట దానివలననే. ఎదుట మెరుపు వేసినచో కన్ను దయ్యపుకన్ను వలె వచ్చును. పైగా ప్రాణి బెదరి మరునాడు రాదు. మా అన్న నేలపై మఠము వేసికొని, కుక్క కంటి యెత్తున కెమెరా పెట్టి, దాని కంటిలో ద్వారపు వెలుతురు చుక్కగ నిలుచువరకు కాచుకొందురు. ఆ చుక్క లేని చిత్రమును ఆల్బములో చేర్చరు.

ఈ విద్య ఆయనకు ఎవరు నేర్పిరి? ఒక తపాలాబిళ్ల నేర్పినది! 2006లో భారత తపాలాశాఖ రాజా దీన్ దయాళ్ బొమ్మతో బిళ్ల విడుదల చేసెను. ఆ బిళ్లను చూచిన అన్న "ఎవరీయన?" అని మన గ్రంథాలయమునకు వచ్చి అడిగిరి. అప్పుడే ఆయన చందాదారులైరి. గ్రంథాలయము చేయు పని యిట్టిది.

దీన్ దయాళ్ కథ మన హైదరాబాదు కథయే. ఆయన 1844లో మీరట్ చెంత సర్దానాలో జన్మించెను. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి ఇండోరులో మరామత్తు శాఖలో చేరెను. ఇండోరనగా మన నిజామాబాదు పాతపేరైన ఇందూరు కాదు, మాళవదేశములోనిది. అచ్చట ఆయన పని నక్షాలు గీయుట, పనులకు అంచనాలు కట్టుట. అనగా మావంటి లెక్కలవాడే! 1874 ప్రాంతమున కెమెరా పట్టెను. పిమ్మట కొలువు విడిచి, సికింద్రాబాదులో స్టూడియో తెరచి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదము నొందెను. 1892లో హైదరాబాదులో ఘోషాస్త్రీలకు ప్రత్యేకముగ స్టూడియో ఏర్పరచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతికిచ్చెను. 1905లో స్వర్గస్థుడయ్యెను. ఆయన గాజుపలకలు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి.

ఆ కాలమున ఛాయాచిత్రమనగా కదలక నిలుచువారిదే. 1838లో డాగేరు పారిస్ నగరపు రాజవీధిని చిత్రించినప్పుడు బండ్లును జనులును నడచుచుండుటచే చిత్రములో పడలేదు. ఒకచోట నిలిచి బూట్లు తుడిపించుకొన్న మనిషి యొక్కడు పడెను. గాజుపలకల రసాయనములు వేగవంతమైన పిమ్మటనే పరుగెత్తు గుఱ్ఱమును, తోక యూపు కుక్కయు చిత్రములోని కెక్కినవి. దీన్ దయాళ్ కోటలను, దర్బారులను మాత్రమే తీయలేదు. శతాబ్దాంతమున నిజాం రాజ్యములో కరవు వచ్చినప్పుడు జరిగిన సహాయపు పనులను గూడ చిత్రించెను. దర్బారు చిత్రములను చూచి మనము ఆనందింతుము. కరవు చిత్రములు మాత్రము సాక్ష్యములు. ఛాయాచిత్రములో ఈ రెండవ గుణము గలదని మా అన్న పనివలననే నాకు తెలిసినది.

ఇంతవరకు ముచ్చటగ చెప్పితిని. ఇక చెప్పునది ముచ్చట కాదు.

1981వ సంవత్సరము. నాకు పదునొకండేండ్లు, మా తమ్మునికి ఏడు. కల్లములో పసుపు ఉడుకబెట్టు దినములు. ఒక సాయంకాలము వాడకుక్క తమ్ముని ముంజేతిని పట్టినది. అది మాకు తెలిసిన కుక్కయే. పిచ్చిది కాదని అందరును అనిరి. మా నాయనమ్మ పసుపును కారమును కలిపి గాయమున కద్దెను. ఒకరు మంత్రించి దారము కట్టిరి. దవాఖానకు పోయినచో బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు వేయుదురని తమ్ముడు ఏడ్చెను. వాని యేడుపు చూడలేక పెద్దలు ఊరకుండిరి. గాయము మానినది. కుక్క వారము దినములలో కనబడకుండ పోయినది. దానినిగూర్చి ఎవరును విచారింపలేదు.

తొలకరి వానలు పడిన వేళ తమ్ముడు నీళ్లచెంబును చూచి వెనుకకు జరిగెను. దాహమని అడుగును, చెంబు దగ్గరకు వచ్చినంతనే గొంతు పట్టుకొనిపోవును. మూడవనాడు వాడు మాకు దక్కలేదు.

మహాశయులారా! పసుపు మన ఊరి అన్నము. మన పెండ్లిండ్లకు, పేరంటములకు, ఇంటి గడపకు పసుపే శోభ. ఆర్మూరు, భీమ్‌గల్ ప్రాంతపు రైతు ఇల్లు కట్టినను, బిడ్డ పెండ్లి చేసినను పసుపు చలువయే. 2025లో జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాదుకు వచ్చినప్పుడు నేనును మీవలెనే సంతోషించితిని. కాని కుక్కకాటుకు పసుపు మందు కాదు. ఈ మాట పసుపు పండించు మన నోటనే రావలెను. ఇతరులు చెప్పినచో వినము.

తమ్ముడు పోయిననాటినుండి నాకు కుక్క అనిన పగ. పెద్దవాడనై లెక్కలు వ్రాయు దినములలో, ఒకచోట, "కుక్కల నిర్మూలనకు" అను పద్దును నా చేతితో వ్రాసితిని. తోక కింత యని కూలి. ఎన్ని తోకలో వ్రాసితిని. అవి ఏ కుక్కలో, ఎవరిని కరచినవో, అసలు కరచినవో లేదో వ్రాయలేదు. మరుసటి యేడు అదే పద్దును మరల వ్రాసితిని. మూడవ యేడును వ్రాసితిని. అప్పుడు కలము ఆగినది. కుక్కలు తగ్గియుండినచో మూడవమారు వ్రాయవలసిన పని యేమి? ఖర్చు మూడేండ్లది. ఫలము శూన్యము. లెక్కలవాడనై యుండియు ఆ పద్దును తప్పుపట్టుటకు నాకు మూడేండ్లు పట్టినది. పగ కండ్లకు గంతలు కట్టును.

ఎందుకు తగ్గలేదో తరువాత చదివి తెలిసికొంటిని. వీధిలో తిండి యెంతయో కుక్కలంతే యుండును. ఉన్నవానిని చంపినచో ఆ తిండికి ప్రక్క ఊరినుండి క్రొత్తవి వచ్చును. వచ్చినవి సూదిమందు పడనివి, మన పిల్లలను ఎఱుగనివి. చంపిన పాపము చంపినవానికి, అపాయము ఊరికి.

ఆ దినములలోనే భారతము నన్ను మరల పట్టుకొనెను. ఆదిపర్వములో జనమేజయుని యజ్ఞశాలకు సరమ యను దేవశుని వచ్చును. ఆమె బిడ్డను రాజు తమ్ములు అకారణముగ కొట్టిరి. బిడ్డ యేమియు ముట్టలేదు, నాకలేదు. తల్లి రాజసభకు వచ్చి, తప్పు విచారింపక దుర్బలులను హింసించువారికి ఎదురుచూడని భయము వచ్చునని చెప్పి పోయినది. నన్నయగారు ఈ కథను తెలుగు భారతపు మొదటిలోనే నిలిపిరి. చివర మహాప్రస్థానములో, తమ్ములును ద్రౌపదియు పడిపోయిన పిమ్మట, ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. దానిని విడిచి స్వర్గరథమెక్కనని ఆయన పట్టుబట్టెను. కుక్క ఫిర్యాదుతో కథలోని కడుగుపెట్టిన మనము కుక్కతోడి నడకతో బయటికి వత్తుము. నడుమ నున్నదంతయు మనుష్యులు ఒకరినొకరు చంపుకొన్న లెక్క. ఇరువది మారులు చదివిన గ్రంథమే. సరమ అడిగినది దయకాదు, విచారణ యని ఆ మారే నాకు తోచినది. తప్పు చేసినదెవరో విచారించి చేయుడనియే ఆమె మాట. నా పద్దులో లేనిది ఆ విచారణయే.

అయినను పగ చదువుతో పోవునది కాదు. అన్న ఆల్బములను చూచి నవ్వెడివాడనే గాని మెచ్చెడివాడను కాను. నా మనసు మార్చిన సంగతి రెండేండ్ల క్రిందట, సంక్రాంతి వెళ్లిన పిమ్మట జరిగినది.

సంధ్యవేళ అన్న రెండు చిత్రములు పట్టుకొని మా యింటికి వచ్చి, అరుగుపై పరచి, "పట్వారీ, ఇది మొన్నటిది, ఇది ఇయ్యాల్టిది. జర మంచిగ చూడు" అనిరి.

రెండును ఒకే కుక్కవి. బడి వెనుక తిరుగు గోధుమరంగు కుక్క. రెండును కొట్టులో, ఒకే వేళ, ఒకే ఉత్తరపు వెలుతురున, ఒకే దూరమునుండి తీసినవి. మొదటిదానిలో నోరు మూసికొని చూచుచున్నది. రెండవదానిలో క్రింది దవడ జారియున్నది. చొంగ నేలవరకు దిగినది. చూపు ఎచ్చటను నిలువలేదు. మొఱుగు గూడ మారినదని అన్న చెప్పిరి. వెలుతురు మారియుండినచో వెలుతురు దోషమనుకొందుము. కొట్టులో ఏమియు మారలేదు గనుక మారినది కుక్కయే యని నిశ్చయముగ తెలిసినది. ఆయన ఏండ్లతరబడి వెలుతురుతో పడిన పాటు ఆ సాయంకాలము ఫలించినది.

ఆ రాత్రియే సర్పంచిగారికిని పశువైద్యునికిని చెప్పితిమి. కుక్కను పాడుపడిన పశువుల కొట్టములోనికి తోలి తలుపు వేసితిమి. మరునాడు ఆ చిత్రమును బడికి తీసికొనిపోయి పిల్లలకు చూపి, ఇది ఎవరినైన కరచినదా, గీరినదా, ఎవరి గాయమునైన నాకినదా యని అడిగితిమి. "గోధుమరంగు కుక్క" యని నోటితో అడిగియుండినచో పదిమంది పదికుక్కలు చెప్పెడివారు. చిత్రమును చూచినంతనే పిల్లలందరును దానిని ముద్దుపేరుతో పిలిచిరి. నలుగురు చేతులెత్తిరి.

నా మనుమరాలు ఎత్తలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట నా ప్రక్కన చేరి, "తాతా, కుక్కను చంపుతరా?" అని అడిగినది. ఎందుకు బిడ్డా యంటిని. పావడా కొంచెమెత్తి పిక్క చూపినది. రెండునాళ్ల క్రిందటి పంటిగీరు. చెప్పినచో కుక్కను చంపుదురని దాచినదట.

ఇంటివారు అలవాటు కొద్దీ పోపులపెట్టెలోని పసుపు అందుకొనిరి. నేను సబ్బు అందుకొంటిని. నలువదియేండ్ల క్రిందటి చెంబు నా కండ్లముందు నిలిచినది. కుళాయి విప్పి, ఆ గీరును గడియారము చూచుకొనుచు పదునైదు నిమిషములు సబ్బుతో కడిగితిని. ఆ వెంటనే అందరను సర్కారు దవాఖానకు తీసికొనిపోయితిమి. ఐదుగురికిని సూదులు పడినవి. కుక్క మూడవనాడు కొట్టములోనే చచ్చెను. రేబిసుగనే భావించి సూదులన్నియు పూర్తిచేయవలెనని చెప్పిరి, చేయించితిమి. నా మనుమరాలు ఇప్పుడు మీ ముందు వరుసలో కూర్చుండి, తాత తన మాట ఎందుకు చెప్పెనని నన్ను కోపముగ చూచుచున్నది.

ఇప్పుడు చెప్పుడు, ఈ చిత్రములు రజతోత్సవమున కెక్కదగునా, కాదా?

ఇక ఊరి సంగతి. కుక్కలకు భయపడువారు క్రూరులు కారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల పాలైన వార్త చదివి అన్నము ముట్టనివారిలో నేనొకడను. పిల్లవాని ప్రాణమునకు మించినది లేదు. ఆ ప్రాణమును కాపాడు మార్గమే మనకు కావలసినది. నాకు తోచిన పద్దులు ఐదు. పంచాయతీ వారును, మీరును విచారింపుడు.

మొదటిది, లెక్క. 2019 పశుగణనలో దేశమున వీధికుక్కలు సుమారు కోటి యేబదిమూడు లక్షలని తేలినది. మన ఊరిలో ఎన్ని? అన్న ఆల్బములు తప్ప వేరు లెక్క లేదు. కావున ఈ ఆల్బముల ననుసరించి కుక్క కొక పుటతో పట్టిక యొకటి గ్రంథాలయములో నుంచవలెను. చిత్రము, వాడ, వయస్సు, సూదిమందు తేది అందులో వ్రాయవలెను.

రెండవది, సూదిమందు. కుక్కలలో నూటికి డెబ్బదింటికి ఏటేట టీకా పడినచో వ్యాధి నిలువదని వైద్యులు చెప్పుదురు. ఊరిలో అరువది కుక్కలున్నవనుకొనుడు, నలువదిరెండింటికి పడవలెను. ఏ నలువదిరెండు? పట్టిక లేనిదే చెప్పలేము. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స గూడ చేయించవలెను. అట్లు చేసిన కుక్కకు చెవి కొన కత్తిరింతురు. గోడపై చిత్రములలో అట్టి చెవులు ఎన్ని కలవో మీరే లెక్కింపుడు. వ్రేళ్లు మిగులును.

మూడవది, చట్టము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 2023లో క్రొత్తగ వచ్చిన జనన నియంత్రణ నియమములును కుక్కలను విషముపెట్టి చంపుటకు ఒప్పవు. శస్త్రచికిత్స, టీకాల భారము స్థానికసంస్థలదే యని ఆ నియమములు చెప్పుచున్నవి. 2025 ఆగస్టు 22న సర్వోన్నత న్యాయస్థానము, రేబిసు కలవియు మీదపడి కరచునవియు తప్ప తక్కినవానికి శస్త్రచికిత్సయు టీకాయు చేసి తెచ్చినచోటనే విడువవలెననియు, కుక్కలకు తిండి నిర్ణీత స్థలముననే పెట్టవలెననియు ఆదేశించెను. మరి కరచు కుక్క యేది? మరల పట్టికయే చెప్పవలెను.

నాలుగవది, చెత్త. మాంసపు కొట్ల వ్యర్థములు, పెండ్లి విస్తళ్లు దారిప్రక్క పడవేయువారము మనమే. కుక్కలను పిలిచి భోజనము పెట్టి, ఎందుకు వచ్చినవని రాళ్లు రువ్వుట న్యాయము కాదు. మాంసపు వ్యర్థమును గోతిలో పూడ్చినచో సగము తగవు తీరును.

ఐదవది, కాటు. కరచినను గీరినను వెంటనే ధారగ పారు నీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడుగుడు. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు ఏదియు పూయవలదు. కట్టు కట్టవలదు. ఆనాడే దవాఖానకు పోవుడు. 1885లో పాశ్చరు మహాశయుడు ఈ టీకాను మొదట తొమ్మిదేండ్ల బాలునికి వేసి బ్రతికించెను. మన దేశమున 1900లో కసౌలీలోను, 1907లో కూనూరులోను ఆయన పేర సంస్థలు వెలసినవి. బొడ్డుచుట్టు వేయు పాతసూదులు 2005 నాటికే పోయినవి. ఇప్పుడు చేతికి నాలుగైదు చిన్నసూదులు, చెప్పిన దినములకు తప్పక వేయించుకొన్న చాలును. రక్తము వచ్చిన కాటుకు గాయములోనే వేయు సీరము గూడ కలదు. అడిగి వేయించుకొనుడు. వ్యాధి బయటపడిన పిమ్మట వైద్యము లేదు. పడకముందు మాత్రము పూర్తిగ కలదు. పిల్లలు కాటును దాచుటకు కారణము మన కోపమే. వారు భయములేక చెప్పునట్టి ఇల్లు కావలెను.

ఒక షరతు చెప్పి ముగించెదను. ఈ ఆల్బములను గ్రంథాలయమునకు ఒప్పగించునప్పుడు అన్న నాతో, "పట్వారీ, నా ఫొటోలు చూపి కుక్కలను సంపుడు మొదలు పెడ్తె, ఆల్బములన్ని నా చేత్తోనే కాలుస్త" అనిరి. న్యాయమైన మాట. పద్దు కాపాడుటకును పనికివచ్చును, చంపుటకును పనికివచ్చును. ఒకప్పుడు నేను రెండవ పనికి వ్రాసితిని. ఈ మారు మొదటి పనికే వ్రాయుదునని ఈ సభాముఖమున మాట యిచ్చుచున్నాను. పట్టిక వ్రాయు భారము నాది. చిత్రములు అన్నవి. టీకా దినమున కుక్కలను పట్టి నిలుపు పని యువకులది. వానిని పేరుపెట్టి పిలుచు పని పిల్లలది. ఆ పని వారికంటె బాగుగ ఎవరును చేయలేరు.

అన్న ఇప్పుడు వెనుకవరుసలో తలవంచుకొని కూర్చుండిరి. వాకిట చెప్పులకడ ఒక కుక్క ఆయనకై కాచుకొని యున్నది. పోవునప్పుడు దానిని తన్నకుడు. దాని చిత్రము కుడిగోడపై మూడవది. దానికి టీకా పడినది. తేది క్రింద వ్రాసియున్నది.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ చూచుగాక!